దోమ గుడ్డులో దొరికిన డెంగీ వైరస్‌కు ఎంత విలువ ఇవ్వాలి?

1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది గోడ మీద వాలితే పట్టుకున్న దోమలతో కాదు. లార్వాలను తెప్పించి, సీసాల్లో పెంచి, రెక్కలొచ్చాక ఆ దోమలతో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. ఇంత తతంగం ఎందుకంటే, లార్వా నుంచి పెంచిన దోమ అప్పటిదాకా ఎవరి రక్తమూ తాగి ఉండదు. తర్వాత దాని కడుపులో ఏం కనిపించినా ఆ రోగి నుంచి వచ్చిందేనని ధైర్యంగా చెప్పొచ్చు. మలేరియా విషయంలో ఈ లెక్కకు తిరుగులేదు. ఆ పరాన్నజీవి తల్లి దోమ నుంచి గుడ్డులోకి వెళ్లదు.

డెంగీ దగ్గర ఈ ధీమా పనిచేయదు. ప్యూపా చీల్చుకుని అప్పుడే బయటికొచ్చిన, ఇంకా ఎవరినీ కుట్టని ఏడిస్ (డెంగీని మోసే దోమ) లో కూడా ఒక్కోసారి డెంగీ వైరస్ ఉంటుంది. అది తల్లి ఇచ్చిన వాటా. మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి వైరస్ అడ్డంగా తిరుగుతుంటే, ఇది తల్లి నుంచి పిల్లలకు నిలువుగా దిగుతుంది. అందుకే దీన్ని నిలువు సంక్రమణ అంటున్నారు.

ఈ సంగతి మీద ఇంత ఆసక్తి ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తెలుగు రాష్ట్రాల్లో డెంగీ వానలతో మొదలై, ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య విజృంభించి, చలికాలానికి తగ్గి, ఎండాకాలంలో దాదాపు కనుమరుగవుతుంది. జూన్‌లో చినుకు పడ్డాక మళ్లీ తలెత్తుతుంది. మరి ఈ మధ్యలో వైరస్ ఎక్కడున్నట్టు? డెంగీని ఎక్కువగా వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై జాతి దోమ గుడ్డు నీళ్లు లేకుండానే నెలల తరబడి ఎండి, నీళ్లు తగలగానే పగిలి లార్వా అవుతుంది. ఆ ఎండిన గుడ్డులోనే వైరస్ కూడా దాక్కుని ఉంటుందన్న ఊహ చెప్పగానే నమ్మబుద్ధేస్తుంది. అలా నమ్మబుద్ధేసే ఊహల్నే మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. అడవిలోనో ఊళ్లోనో సేకరించిన దోమల్లో ఒక పూల్ (కలిపి నూరి పరీక్షించే దోమల గుంపు) పాజిటివ్ అనగానే 'గుడ్లలోనూ డెంగీ' అని శీర్షిక పెట్టేస్తారు. గుడ్లలో డెంగీ ఉంటుందన్నది 40 ఏళ్ల కిందటే తేలిన విషయం. తేలనిది, అది ఎంత ఉంటుంది, ఏ కాలంలో ఉంటుంది, దానివల్ల మనుషులకు జ్వరం వస్తుందా అన్నది.

ముందు వైరస్ గుడ్డులోకి ఎలా వెళుతుందో చూద్దాం. ఆడ దోమ డెంగీ రోగి రక్తం తాగాక వైరస్ మొదట పేగు గోడలో పెరుగుతుంది. అక్కడి నుంచి ఒంటి ద్రవంలోకి, ఆ తర్వాత లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. ఇందుకు సాధారణంగా 8 నుంచి 12 రోజులు పడుతుంది. అండాశయాలకూ వైరస్ ఈ దారిలోనే వెళ్లాలి. దోమకు మాత్రం అంత ఓపిక ఉండదు. తాగిన రక్తంతో మూడు నాలుగు రోజుల్లోనే గుడ్లు పెట్టేస్తుంది. కాబట్టి ఏ రక్తంతో వైరస్ అంటిందో ఆ రక్తంతో తయారైన మొదటి విడత గుడ్లు చాలావరకు తప్పించుకుంటాయి. రెండో విడతలోనో మూడో విడతలోనో వైరస్‌కు అవకాశం దొరుకుతుంది. అప్పుడు కూడా అది అండాశయంలోని కణాల్లోకి చొరబడవచ్చు, లేదా గుడ్డు బయటికి వచ్చేటప్పుడు ఫలదీకరణ కోసం ఉండే సన్న రంధ్రంలోంచి లోపలికి పోవచ్చు. ఈ రెండోదే ఎక్కువగా జరుగుతుందని చాలామంది అనుకుంటున్నారు. ఏదైనా, తల్లి అన్ని విడతల దాకా బతకాలి. బయట దోమ ఆయుష్షు రెండు మూడు వారాలు దాటడమే గొప్ప. నిలువు సంక్రమణ ఎందుకు అరుదో ఇక్కడే సగం తెలిసిపోతుంది.

ప్రకృతిలో ఇది జరుగుతుందని మొదట గట్టిగా చూపింది బర్మా పరిశోధకులు. రంగూన్‌లోని ఏడిస్ ఈజిప్టై దోమల్లో డెంగీ-2 (డెంగీ వైరస్ నాలుగు రకాల్లో ఒకటి) తల్లి నుంచి పిల్లలకు దిగిందని 1983లో ప్రకటించారు. అదే ఏడాది లియోన్ రోజెన్ బృందం ప్రయోగశాలలో డెంగీని మోసే మరో జాతి ఏడిస్ ఆల్బోపిక్టస్, ఏడిస్ ఈజిప్టై రెండింట్లోనూ ఇది సాధ్యమేనని చూపింది. అయితే పిల్లల్లో వైరస్ ఉన్నవి చాలా తక్కువ. ఆల్బోపిక్టస్‌తో పోలిస్తే ఈజిప్టైలో ఇంకా తక్కువ. 1984లో ట్రినిడాడ్ నుంచి డెంగీ-4 గురించి అలాంటి నివేదికే వచ్చింది. అక్కడ వేల దోమల్ని పరీక్షిస్తే ఒకే ఒక్క పూల్ పాజిటివ్‌గా తేలింది.

మన దేశంలో ఈ పనికి జోధ్‌పుర్ పెట్టింది పేరు. ఎడారి ఊళ్లో దోమల వ్యాధి ఏమిటని అనిపిస్తుంది కానీ, నీళ్లు కరువైన చోటే నీళ్లు నిల్వ చేసుకుంటారు. ఇళ్లలో సిమెంటు తొట్లు, నేలలోపలి ట్యాంకులు ఏడాదంతా నిండి ఉంటాయి. అక్కడి ఎడారి వైద్య పరిశోధన కేంద్రంలో వినోద్ జోషి, సహచరులు డెంగీ-3 సోకిన ఏడిస్ ఈజిప్టై దోమల్ని తరం తర్వాత తరం పెంచుతూ పోయి, ఏడో తరం దాకా వైరస్ కొనసాగిందని 2002లో ప్రచురించారు. ఈ ఫలితాన్ని చాలా వ్యాసాలు సగమే చెబుతాయి. అదే ప్రయోగంలో వైరస్ ఉన్న వంశంలో లార్వాలు ఎక్కువ చచ్చాయి, గుడ్ల సంఖ్య, అవి పగిలే శాతం కూడా తగ్గాయి. ప్రయోగశాలలో తిండికి, నీళ్లకు లోటు లేకుండా పెంచినప్పుడే ఇలా ఉంటే, బయట అలాంటి వంశం ఆరోగ్యంగా ఉన్న దోమలతో పోటీపడి నెగ్గుతుందా అన్న అనుమానం సహజం. దక్షిణాదిలో కేరళలోని ఆల్బోపిక్టస్ దోమల్లో సహజంగా నిలువు సంక్రమణ జరుగుతోందని మదురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రం వాళ్లు 2007లో రాశారు. ఈజిప్టై ఇంటి దోమ అయితే, ఇది తోటల దోమ. రబ్బరు పాలు పట్టే చిప్పల్లో వాన నీళ్లు నిలిస్తే చాలు దానికి.

ఇక పరీక్ష ఎలా చేస్తారన్నది. నల్లటి డబ్బాలో కాస్త నీళ్లు పోసి, అంచుకు గరుకు కాగితమో చెక్క పట్టీయో ఆనించి నీడలో పెడతారు. దీన్ని ఓవిట్రాప్ అంటారు. వారం తర్వాత తీసి చూస్తే, నీటి అంచుకు కొంచెం పైన పట్టీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటాయి. అవే గుడ్లు. పట్టీని ఆరబెట్టి, తర్వాత నీళ్లలో ముంచితే గుడ్లు పగులుతాయి. లార్వాలకు తిండి పెట్టి దోమలయ్యేదాకా పెంచి, చలితో స్పృహ తప్పించి, ఒక్కొక్కదాన్నీ లెన్సు కింద చూసి జాతినీ, ఆడా మగా అన్నదాన్నీ వేరు చేస్తారు. మగదానికి మీసాలు దట్టంగా కుచ్చులా ఉంటాయి, ఆడదానికి పలచగా ఉంటాయి. ఒకే జాతి, ఒకే చోటు, ఒకే లింగం దోమల్ని 20, 25 చొప్పున ఒక గొట్టంలో వేస్తారు. దాన్నే పూల్ అంటారు. చల్లటి ద్రవంలో మెత్తగా నూరి, ఆ రసాన్ని పరీక్షకు పంపుతారు.

ఆ పరీక్ష ఒకప్పుడు మరో దోమ మీద జరిగేది. టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమ ఉంది. అందులో ఆడది కూడా రక్తం తాగదు. దాని లార్వాలు మిగతా దోమల లార్వాలను తిని బతుకుతాయి. కుట్టే భయం లేదు కాబట్టి, నూరిన రసాన్ని దాని ఛాతీలోకి సన్నటి సూదితో ఎక్కించి, పది పన్నెండు రోజులు ఉంచి, తలను గాజు పలక మీద నలిపి, మెరిసే రంగు కలిపిన యాంటీబాడీతో చూసేవాళ్లు. దోమలోకి ఎక్కించి చూసే పద్ధతిని రోజెన్, డ్యూయేన్ గబ్లర్ 1974లోనే ప్రచారంలోకి తెచ్చారు, టాక్సోరింకైటిస్ వాడకం ఆ తర్వాత వచ్చింది. ఇంత సున్నితమైన పద్ధతి అప్పట్లో ఇంకోటి లేదు. తర్వాత దాని స్థానాన్ని సీ6/36 అనే దోమ కణాల వరస చాలావరకు ఆక్రమించింది. ఇవాళ ప్రపంచంలో డెంగీ వైరస్‌ను పెంచే ల్యాబుల్లో విరివిగా కనిపించే ఈ కణాల మూలం పుణెలో ఉంది. అక్కడి వైరస్ పరిశోధన కేంద్రంలో కె.ఆర్.పి.సింగ్ 1967లో ఆల్బోపిక్టస్ లార్వాల నుంచి తీసిన కణాల్లోంచే, 1978లో అకిరా ఇగరాషి ఈ వరసను వేరుచేశాడు. ఇప్పుడు చాలా చోట్ల నేరుగా ఆర్‌టీ-పీసీఆర్ చేసేస్తున్నారు. మనుషుల రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్‌ను పట్టడానికి తయారైన ఎన్‌ఎస్1 కిట్లనే దోమల రసం మీద వాడేవాళ్లూ ఉన్నారు.

పద్ధతి సులువయ్యేకొద్దీ పాజిటివ్‌లు పెరిగాయి. అందులో వైరస్ పెరుగుదల ఎంత, పద్ధతి మహిమ ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు. కొన్ని చిక్కులు దోమను పట్టిన తీరులోనే ఉంటాయి. ఇంట్లో పట్టిన ఆడ దోమ పాజిటివ్ అయితే అది నిలువు సంక్రమణకు సాక్ష్యమే కాదు. అంతకుముందు ఎవర్ని కుట్టి వచ్చిందో మనకు తెలియదు. కడుపులో ఇంకా అరగని రోగి రక్తం ఉన్నా పీసీఆర్ పాజిటివ్ చూపిస్తుంది, దోమకు వైరస్ సోకకపోయినా సరే. బయట పట్టినదే అయినా మగ దోమ పాజిటివ్ అయితే దాని బరువు వేరు. మగది రక్తమే తాగదు కాబట్టి వైరస్ తల్లి నుంచే వచ్చి ఉండాలి. అలాంటి మగ దోమ జత కట్టినప్పుడు ఆడదానికి వైరస్ అంటించగలదని కూడా రోజెన్ 1987లో చూపాడు. గుడ్డు నుంచో లార్వా నుంచో ల్యాబులో పెంచిన దోమ అయితే అన్నిటికన్నా నమ్మకం. రాస్ పద్ధతి ఇక్కడ తలకిందులుగా పనికొస్తోంది. అతనికి అది దోమలో ఏమీ లేదని హామీ ఇచ్చింది, ఇప్పుడు దోమలో ఉన్నది తల్లిదేనని హామీ ఇస్తోంది.

మిగతా చిక్కులు ల్యాబులోవి. పీసీఆర్‌లో, అందులోనూ ఒకదాని తర్వాత ఒకటిగా రెండు దఫాలు నడిపే పద్ధతిలో, పక్క గొట్టం నుంచి లవలేశం చిందినా పాజిటివే. పైగా దోమలకు తమవైన వైరస్‌లు ఉన్నాయి. డెంగీ కుటుంబానికే చెందినా మనుషులకు సోకనివి అవి. 1975లో ఏడిస్ ఈజిప్టై కణాల్లో దొరికిన సెల్ ఫ్యూజింగ్ ఏజెంట్ వైరస్ అలాంటిది. అది తల్లి నుంచి పిల్లలకు తేలిగ్గానే దిగుతుంది. ఇలాంటి వైరస్‌ల ముక్కలు కొన్ని ఏడిస్ దోమల జన్యువుల్లోనే శాశ్వతంగా అతుక్కుని ఉన్నాయి కూడా. కుటుంబం మొత్తాన్నీ పట్టుకునే ప్రైమర్లు (వైరస్ జన్యువును వెతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వాడి, దొరికిన ముక్కను సీక్వెన్సింగ్ చేయకుండా, అంటే దాని జన్యు అక్షరాల వరస చదవకుండా, డెంగీ అని రాసేస్తే ఏది ఏమిటో తెలియదు. ఇంకో మాట, పీసీఆర్ చూపేది వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉనికిని. అది బతికుందా, దోమ లాలాజలం దాకా వచ్చిందా అన్నది పీసీఆర్ చెప్పదు. దానికి కణాల్లో పెంచి చూడాలి, లేదా దోమ మూతిని సన్న గొట్టంలో పెట్టి లాలాజలం పట్టాలి. ఈ కష్టం పడిన అధ్యయనాలు తక్కువ. వంద పూల్స్‌లో పదులకొద్దీ పాజిటివ్ అని చెబుతూ, ఒక్కదాంట్లో కూడా వైరస్‌ను వేరుచేయని నివేదికను కాస్త పక్కన పెట్టి చదవడమే మంచిది.

అసలు గందరగోళం అంకెల్లో ఉంది. పూల్స్ ఫలితాన్ని 'కనీస సంక్రమణ రేటు'గా చెబుతారు. పూల్‌కు 25 చొప్పున 60 పూల్స్, అంటే 1,500 దోమలు పరీక్షిస్తే రెండు పూల్స్ పాజిటివ్ అనుకుందాం. ఒక్కో పాజిటివ్ పూల్‌లో ఒక్క దోమకే వైరస్ ఉందని భావిస్తే రేటు వెయ్యికి 1.3. దీన్ని చూసి 'వైరస్ ఉన్న తల్లులు తమ పిల్లల్లో వెయ్యికి 1.3 చొప్పున వైరస్ ఇస్తున్నాయి' అనేస్తారు. అది తప్పు. ఆ 1,500 దోమల తల్లుల్లో అసలు ఎన్నిటికి వైరస్ ఉందో మనకు తెలియదు. వందకు ఒక తల్లికి ఉంటే, అలాంటి తల్లి పిల్లల్లో 13 శాతానికి వైరస్ వెళ్లినట్టు. వందకు పది తల్లులకు ఉంటే, 1.3 శాతానికే వెళ్లినట్టు. బయట దొరికిన ఒకే అంకె వెనక పది రెట్లు తేడా ఉన్న రెండు కథలు దాగుంటాయి. ఊళ్లో డెంగీ ముమ్మరంగా ఉన్న నెలలో సేకరిస్తే తల్లుల్లోనే వైరస్ ఎక్కువ కాబట్టి పిల్లల్లోనూ ఎక్కువ దొరుకుతుంది. దాన్ని తర్వాతి సీజన్‌కు ముందస్తు హెచ్చరికగా చెప్పడం, జరిగిపోయిన దాన్ని జరగబోయేదిగా చూపడమే.

మనుషుల సాయం లేకుండా వైరస్ దోమల్లోనే తరతరాలు నడుస్తుందా అన్నదానికి జవాబు కాగితం మీదే దొరుకుతుంది. దోమల సంఖ్య పెరగకుండా తరగకుండా ఉంటే, ఒక ఆడ దోమకు బదులు సగటున ఒక్క కూతురే పెద్దదై గుడ్లు పెట్టే దశకు వస్తుంది. వైరస్ వంద శాతం కూతుళ్లకు వెళితేనే అంకె నిలబడుతుంది. సగం మందికే వెళితే వంద దోమలు కాస్తా 50, 25, 12, 6 అవుతూ పోతాయి. నూటికి ఒకరికి వెళితే రెండో తరానికే ఖాళీ. 2010లో బెన్ ఆడమ్స్, మైక్ బూట్స్ వివరమైన గణిత నమూనాతో ఇదే తేల్చారు. బయట కనిపించే తక్కువ రేట్లతో నిలువు సంక్రమణ డెంగీని దీర్ఘకాలం నిలబెట్టలేదని, లక్షణాలు లేకుండా వైరస్ మోసే మనుషులే అందుకు మెరుగైన వివరణ అని వాళ్ల వాదన. 2013లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 39 కోట్ల డెంగీ సంక్రమణలు జరిగితే, లక్షణాలు కనిపించేది 9.6 కోట్లలోనే. జ్వరం రాని మనిషి కూడా కుట్టిన దోమకు వైరస్ అంటించగలడని కంబోడియాలో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగం చూపింది. ఎండాకాలంలో కేసులు లేవంటే, పరీక్షకు వచ్చిన కేసులు లేవనే అర్థం.

గుడ్లనే నమ్ముకున్న వైరస్ ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోని లా క్రాస్ వైరస్‌ను చూడాలి. చెట్ల తొర్రల్లో పెరిగే ఏడిస్ ట్రైసీరియేటస్ దోమ ద్వారా అది వ్యాపిస్తుంది. విస్కాన్సిన్ చలికి పెద్ద దోమలన్నీ చచ్చిపోతాయి, గుడ్లు మిగులుతాయి, వాటితో పాటు వైరస్ కూడా. సోకిన తల్లి పిల్లల్లో సగానికి పైగా వైరస్ ఉన్న సందర్భాలున్నాయి. డెంగీకి ఆ సామర్థ్యం లేదు. అది మనుషుల్ని నమ్ముకుని బతుకుతున్న వైరస్.

అయినా గుడ్ల ఊహను పూర్తిగా కొట్టిపారేయలేం. పై లెక్క తరతరాలు నడవడం గురించి. మన ఎండాకాలాన్ని దాటడానికి అన్ని తరాలు అక్కర్లేదు. నవంబరులో డ్రమ్ము గోడకు అంటుకున్న గుడ్డు జూన్ దాకా ఎండి ఉండి, అప్పుడు పగిలితే, ఏడు నెలలు దాటడానికి ఒక్క తరం చాలు. ఆ ఒక్క దూకు కోసం వెయ్యి దోమల్లో ఒకటి వైరస్‌తో పుట్టినా, అది కుట్టడానికి పది రోజులు ఆగాల్సిన పని కూడా లేకుండా, వైరస్‌కు గురికాని జనం మధ్య పడితే సరిపోవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆగస్టులో పట్టిన దోమలు పనికిరావు. ఏప్రిల్, మే నెలల్లో, చుట్టుపక్కల కేసులు లేనప్పుడు ఎండిన పాత్రల గోడల మీది గుడ్లను గీరి తీసి పెంచి చూడాలి. దొరికిన వైరస్ ఏ రకం, ఏ శాఖకు చెందినది, పోయిన సీజన్‌లో మనుషుల్లో తిరిగినదేనా, వచ్చే సీజన్ మొదటి రోగుల్లో అదే ఉందా అని పోల్చాలి. మూడూ ఒకటే అని తేలినా లక్షణాలు లేని మనుషుల ద్వారా కూడా అదే జరిగి ఉండొచ్చు కాబట్టి వాదన ముగియదు. కానీ వానాకాలపు మగ దోమల పూల్ కన్నా అది ఎన్నో రెట్లు మెరుగైన సాక్ష్యం. దోమలు సమృద్ధిగా దొరికే నెలల్లోనే సేకరణ తేలిక కాబట్టి, ప్రశ్నకు సరిపోయే కాలం కన్నా పనికి అనువైన కాలంలో నమూనాలు పోగవుతుంటాయి.

పంచాయతీలు, మున్సిపాలిటీలు ఈ వాదన తేలేదాకా ఆగాల్సిన పనిలేదు. గుడ్డులో వైరస్ ఉన్నా లేకపోయినా చేయాల్సిన పని ఒకటే, అదీ ఇప్పుడు సగమే జరుగుతోంది. శుక్రవారం డ్రైడే అని తొట్లలో నీళ్లు పారబోయిస్తున్నారు. దాంతో లార్వాలు పోతాయి. నీటి అంచుకు పైన గోడకు కరుచుకున్న గుడ్లకు ఏమీ కాదు. మళ్లీ నీళ్లు నింపగానే అవి పగులుతాయి. సంపు, డ్రమ్ము, కూలర్ ట్రే ఏదైనా సరే లోపలి గోడను పీచుతోనో బ్రష్‌తోనో గట్టిగా రుద్ది కడగాలి. కూలర్‌ను సీజన్ అయ్యాక అటక మీదికి ఎక్కించే ముందు రుద్దితే, వచ్చే ఏడాది దింపినప్పుడు అందులో పాత గుడ్లుండవు.

నెలనెలా దోమలకు పీసీఆర్ చేయించమని ఊళ్లను పురమాయించడం మాత్రం డబ్బు దండగ. వెయ్యికి ఒకటీ రెండూ దొరికే చోట నమ్మకమైన అంకె రావాలంటే వేల దోమలు నూరాలి. ఆ ఖర్చుతో ఎన్నో ఓవిట్రాప్‌లు పెట్టి ఏ వీధిలో గుడ్లు ఎక్కువో నేరుగా లెక్కపెట్టొచ్చు. ఓవిట్రాప్‌లు ఎలాగూ ఉన్న చోట మాత్రం ఎండాకాలపు పట్టీలను లెక్కపెట్టి పారేయకుండా, గుడ్లను పెంచి, వచ్చిన దోమల్ని ఆడా మగా విడివిడిగా, చోటూ తేదీ రాసిన గొట్టాల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచితే చాలు. జూలైలో ఆ వీధిలోనే మొదటి రోగి తేలినప్పుడు, అతని రక్తంలోని వైరస్‌తో పోల్చి చూడటానికి మే నెల దోమలు ఉంటాయి.